అంతర్యుద్ధంలో పట్టుబడినవాళ్ళు: అమెరికాలో ఖైదీల మార్పిడి ఎందుకు ఆగింది?

కావలి లెక్చరర్ | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి అమెరికా అంతర్యుద్ధం చెబుతున్నాను. సిలబస్‌లో లింకన్, బానిసత్వం, గెట్టిస్‌బర్గ్ ఉన్నాయి. ఖైదీల గురించి ఒక్క లైను లేదు. మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, రెండువైపులా ఒకే దేశం వాళ్ళే కదా. మరి పట్టుబడినవాణ్ణి యుద్ధఖైదీ అనాలా, దేశద్రోహి అనాలా?" దాని మీద ఒక పీరియడ్ మొత్తం మాట్లాడొచ్చు. అందుకే ఇక్కడ పెడుతున్నాను, మీరూ ఓ చెయ్యి వేయండి.

1861లో ఉత్తరాదిని నడుపుతున్న అధ్యక్షుడు లింకన్‌కి పట్టుకున్న చిక్కు సరిగ్గా ఇదే. విడిపోతామన్న దక్షిణాది రాష్ట్రాల సైనికుల్ని యుద్ధఖైదీలు అంటే వాళ్ళది వేరే ప్రభుత్వమని ఒప్పుకున్నట్టు. తిరుగుబాటుదారులు అంటే ఉరి తీయాలి. ఆ ఏడాదే సవానా అనే దక్షిణాది ఓడని పట్టుకుని, దాని సిబ్బంది మీద న్యూయార్క్‌లో సముద్రపు దొంగలని కేసు పెట్టారు. దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో వాళ్ళ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఊరుకుంటాడా? తన జైల్లో ఉన్న ఉత్తరాది అధికారుల పేర్లు చీటీలు వేయించాడు. మీరు ఎంతమందిని ఉరి తీస్తే మేమూ అంతమందిని తీస్తాం అన్నాడు. కల్నల్ మైకేల్ కార్కొరన్ పేరు అలా చీటీలో వచ్చింది. న్యూయార్క్ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, ప్రభుత్వమూ మెల్లగా వెనక్కి తగ్గి ఆ ఓడ వాళ్ళని యుద్ధఖైదీలుగానే చూసింది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. అవతలివాడి చేతిలో మనవాళ్ళు ఉన్నారు, అంతే.

తర్వాత 1862 జూలై 22న డిక్స్, హిల్ అనే ఇద్దరు జనరల్స్ మార్పిడి ఒప్పందం రాసుకున్నారు. పట్టుబడినవాణ్ణి పది రోజుల్లో పెరోల్ మీద వదిలేయాలి. లెక్క ప్రకారం మార్పిడి జరిగేదాకా వాడు మళ్ళీ తుపాకీ పట్టకూడదు. సమాన హోదా వాళ్ళు దొరక్కపోతే రేటు పట్టిక ఉంది: కెప్టెన్‌కి 6 మంది సిపాయిలు, కల్నల్‌కి 15, మేజర్ జనరల్‌కి 40, సేనాధిపతికి 60.

ఏడాది తిరక్కుండానే ఇది కుప్పకూలింది. ఆ తర్వాతే దక్షిణాదిలో ఆండర్సన్‌విల్, ఉత్తరాదిలో ఎల్మైరా లాంటి నరకపు జైళ్ళు. యుద్ధం మొత్తం మీద 4 లక్షల పైచిలుకు మంది ఖైదీలయ్యారు, సుమారు 56,000 మంది జైళ్ళలోనే పోయారు. ఎందుకు కూలిందన్నదే నా ప్రశ్న.

పెన్నాగట్టు | ఉదయం 8:05

ఏందన్నా ఇది, జనరల్‌కి 60 మంది సిపాయిలా! ఒంగోలు గిత్తల సంతలో పళ్ళు చూసి రేటు కట్టినట్టుంది.

గిద్దలూరు సుబేదార్ | ఉదయం 8:31

నవ్వులాట కాదు బాబూ. హోదా లెక్కలు అప్పటి అన్ని సైన్యాల్లోనూ ఉన్నవే. 1812 యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళతో రాసుకున్న ఒప్పందాన్నే వీళ్ళు ముందు పెట్టుకున్నారు.

ఫౌజులో పనిచేసినవాడిగా నాకు ఆశ్చర్యం అనిపించింది పెరోల్ సంగతి. శత్రువు వదిలేశాక కూడా సిపాయి ఇంటికి పోలేడు. 1862 సెప్టెంబరులో హార్పర్స్ ఫెర్రీలో 12,000 పైన ఉత్తరాది సైనికులు లొంగిపోయారు. దక్షిణాది జనరల్ జాక్సన్ వాళ్ళని పెరోల్ మీద వదిలాడు. సొంత ప్రభుత్వం వాళ్ళలో చాలామందిని చికాగో పంపి క్యాంప్ డగ్లస్‌లో ఉంచింది. అంతకు ముందు దక్షిణాది ఖైదీలు ఉండి పోయిన బారకాసులే అవి. యుద్ధం చేయకూడదు, ఇంటికి పోకూడదు, పనీ పాటా లేదు. క్రమశిక్షణ ఏం మిగులుతుంది? తన్నుకున్నారు, కొన్ని బారకాసులకి నిప్పు పెట్టారు. పైగా ఇంటికి పోవచ్చన్న ఆశతో కావాలనే పట్టుబడుతున్నారని పై అధికారులకి అనుమానం.

పెన్నాగట్టు | ఉదయం 8:50

పట్టుబడి వచ్చినవాడంటే ఎక్కడైనా చిన్నచూపే సుబేదార్ గారూ. మా నెల్లూరులో ఖడ్గతిక్కన కథ పిల్లలకి కూడా తెలుసు. కాటమరాజు మీద పోరు నుంచి వెనక్కి వస్తే, పెళ్ళాం చానమ్మ స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద పెట్టిందంటారు. మళ్ళీ పోయి పాలేటి ఒడ్డున ప్రాణం వదిలాడు. ఆ కథ చెప్పుకుని మనమంతా మీసం తిప్పుతాం. బతికి వచ్చినవాడి మీద అంత కోపం ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఉదయగిరి కోట | ఉదయం 9:20

లెక్చరర్ గారూ, నేను గ్రూప్-1కి చదువుతున్నాను. మా కోచింగ్ నోట్స్‌లో ఒకే లైను: ఉత్తరాది జనరల్ గ్రాంట్ మార్పిడి ఆపించాడు, ఎందుకంటే దక్షిణాదికి మనుషుల కొరత, వదిలిన ప్రతివాడూ మళ్ళీ యుద్ధానికి వస్తాడు. అంతే కదా? 1864 ఆగస్టులో గ్రాంట్ రాసిన ఉత్తరం కూడా ఉందట. జైళ్ళలో ఉన్న మనవాళ్ళకి ఇది కష్టమే, కానీ వరసలో ఉండి పోరాడేవాళ్ళకి ఇదే మేలు అని.

కావలి లెక్చరర్ | ఉదయం 10:15

ఉత్తరం నిజమే తమ్ముడూ. కానీ తేదీలు చూడు.

గ్రాంట్ మొత్తం సైన్యానికి అధిపతి అయింది 1864 మార్చిలో. మార్పిడి అప్పటికే చాలా నెలలుగా ఆగి ఉంది. వెనక్కి వెళ్ళు. 1862 చివరినుంచి ఉత్తరాది వాళ్ళు నల్లజాతి వాళ్ళని సైన్యంలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. డిసెంబరులో డేవిస్ ప్రకటన చేశాడు: ఆయుధంతో పట్టుబడిన బానిసల్ని ఆయా రాష్ట్రాలకి అప్పగిస్తాం, వాళ్ళ తెల్ల అధికారుల్ని కూడా అంతే. 1863 మేలో కాన్ఫెడరేట్ కాంగ్రెస్, అంటే దక్షిణాది శాసనసభ, దాన్ని తీర్మానం చేసింది. అప్పగించడం అంటే ఏంటో చెప్పనక్కర్లేదు కదా. మళ్ళీ బానిసత్వం, లేదా బానిస తిరుగుబాటు నేరం కింద చావు.

జూలై 18న వాగ్నర్ కోట మీద దాడిలో ఉత్తరాది 54వ మసాచుసెట్స్ దళం నల్ల సైనికులు కొందరు పట్టుబడ్డారు. జూలై 30న లింకన్ ఉత్తర్వు: యుద్ధ నియమాలకు విరుద్ధంగా మా సైనికుణ్ణి ఒకణ్ణి చంపితే మీవాణ్ణి ఒకణ్ణి చంపుతాం, బానిసగా మారిస్తే మీవాడొకణ్ణి కఠిన శిక్షలో పెడతాం. అక్కడ బిగుసుకుంది ముడి. నల్ల సైనికుణ్ణి కూడా సైనికుడిగా లెక్కేస్తేనే మార్పిడి అని ఉత్తరాది, లెక్కవేయం అని దక్షిణాది.

ఒంగోలు వకీలు | ఉదయం 10:40

సార్, మీరు చెప్పింది సగం కేసు. అవతలి పక్షం వాదన కూడా రికార్డులో పెడతాను.

దక్షిణాది చేతిలో ఉన్న విక్స్‌బర్గ్ పట్టణం 1863 జూలై 4న లొంగింది. 29,000 పైచిలుకు దక్షిణాది సైనికుల్ని గ్రాంట్ పెరోల్ మీద వదిలాడు. కొన్ని నెలలకే అందులో కొందరు చట్టనూగా దగ్గర మళ్ళీ తుపాకులతో కనిపించారు. వీళ్ళ మార్పిడి పూర్తయిందని దక్షిణాది ఏకపక్షంగా ప్రకటించేసింది. ఒప్పందం ఉల్లంఘించినవాడితో మళ్ళీ ఒప్పందం చేసుకోమంటే గ్రాంట్ ఎందుకు చేసుకుంటాడు? ఆయన ఆగస్టు ఉత్తరంలో నల్లవాళ్ళ ప్రస్తావనే లేదు, మనుషుల లెక్క మాత్రమే ఉంది. నల్ల సైనికుల గౌరవం అనేది ఉత్తరాది వాళ్ళకి దొరికిన మంచి సాకు అనడానికి ఆధారం ఉంది.

కావలి లెక్చరర్ | ఉదయం 11:30

ఆ ఉత్తరం వరకే చూస్తే మీరన్నది నిజమే. కానీ రెండు నెలల తర్వాత ఏం జరిగింది?

1864 అక్టోబరు మొదట్లో పీటర్స్‌బర్గ్ ముట్టడి దగ్గర దక్షిణాది జనరల్ లీ స్వయంగా గ్రాంట్‌కి రాశాడు, మన రెండు సైన్యాల మధ్య పట్టుబడినవాళ్ళని మార్చుకుందాం అని. మనుషుల లెక్కే అసలు కారణమైతే గ్రాంట్ అక్కడే కుదరదు అనేయాలి. ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: నల్ల సైనికుల్ని కూడా తెల్లవాళ్ళతో సమానంగా ఇస్తారా? లీ జవాబు: మా పౌరుల ఆస్తి అయిన నీగ్రోలు మార్పిడి కిందికి రారు. గ్రాంట్, అయితే కుదరదు అన్నాడు.

అదే నెలలో ఇంకోటి. రిచ్‌మండ్ దగ్గర గిల్మర్ కోటలో నల్లజాతి ఖైదీల్ని తుపాకి గుండ్ల కింద కందకాలు తవ్వడానికి పెట్టారు. ఉత్తరాది జనరల్ బట్లర్‌కి తెలిసింది. దక్షిణాది ఖైదీల్ని తెచ్చి డచ్ గ్యాప్ కాలువ తవ్వకంలో, సరిగ్గా వాళ్ళ ఫిరంగుల గురికి అందేచోట, పెట్టాడు. కొద్ది రోజుల్లోనే లీ ఆ నల్ల ఖైదీల్ని కందకాల నుంచి తీయించాడు. సాకు కోసం ఇంత దూరం ఎవరూ పోరు వకీలు గారూ.

ఒంగోలు వకీలు | ఉదయం 11:42

బట్లర్ చేసింది న్యాయమని మీరంటారా? ఏ పాపం చేయని ఖైదీని ఫిరంగి ముందు నిలబెట్టడం?

కావలి లెక్చరర్ | ఉదయం 11:50

న్యాయం అనలేదు. పనిచేసింది అన్నాను.

పెన్నాగట్టు | ఉదయం 11:58

ఆదివారం పూట ఇద్దరూ కోర్టు తెరిచారు. నాదొక మాట. లొంగిపోతున్నవాళ్ళని ఖైదీలుగా కూడా తీసుకోకుండా చంపిన సంగతి ఎవరూ ఎత్తలేదే? 1864 ఏప్రిల్ 12, టెనెసీలో పిల్లో కోట. ఫారెస్ట్ అనే దక్షిణాది జనరల్ మనుషులు, చేతులెత్తిన నల్ల సైనికుల్ని నరికారు. ఆ తర్వాత ఏ నల్ల సైనికుడు లొంగుతాడు చెప్పండి, చచ్చేదాకా కొడతాడు.

కోవూరు టు అట్లాంటా | మధ్యాహ్నం 12:30

అందరికీ నమస్తే. మాది కోవూరు, ఉండేది అట్లాంటాలో. ఆండర్సన్‌విల్ మాకు కారులో రెండు గంటల పైన ప్రయాణం. వెళ్ళొచ్చాను కాబట్టి చూసింది చెబుతాను.

ఇప్పుడది పచ్చిక మైదానం. రెండు వరసల తెల్ల కర్రలు పాతి ఉంటాయి. బయటి వరస అప్పటి గోడ. పైన్ దుంగలు పక్కపక్కన నిలువుగా పాతి కట్టిన గోడ అది. లోపలి వరసని అప్పట్లో డెడ్ లైన్ అనేవాళ్ళు. గోడకి ఆరు మీటర్లు ఇవతల, నడుము ఎత్తులో ఒక సన్నటి కర్ర కంచె. చెయ్యి చాపి అది దాటితే గోడ మీద గూట్లో ఉన్న కాపలావాడు హెచ్చరిక లేకుండా కాల్చేవాడు. ఆ రెండు వరసల మధ్య నడుస్తుంటే నాకు కాళ్ళు ఆడలేదు.

మైదానం మధ్యలో చిన్న వాగు పల్లంలో పారుతుంది. అదే మొత్తం జైలుకి నీళ్ళు. ఎగువన కాపలా సైనికుల గుడారాలు, వంటశాల. వాళ్ళ మురికంతా ముందు నీళ్ళలో కలిసి, తర్వాత లోపలికి వచ్చేది. 10,000 మంది కోసం కట్టిన జైలది. 1864 ఆగస్టులో 33,000 మంది పైన. కప్పు లేదు. దుప్పట్లు, కోట్లు కర్రలకి కట్టుకుని కింద దూరేవాళ్ళు. జార్జియా ఆగస్టు ఎండ అంటే మన రోహిణి కార్తెకి తీసిపోదు. పెట్టింది కండెతో సహా విసిరిన మొక్కజొన్న పిండి, జల్లించనిది. విరేచనాలతో ఉన్నవాడికి అది విషమే. విటమిన్ సి లేక చిగుళ్ళు వాచి పళ్ళు రాలేవి. 14 నెలల్లో 45,000 మంది వచ్చారు, దాదాపు 13,000 మంది అక్కడే పోయారు.

ఇంకో సంగతి. లోపల ఖైదీల్లోనే ఒక ముఠా తయారైంది, కొత్తగా వచ్చినవాళ్ళని కొట్టి దోచుకునేది. ఖైదీలే వాళ్ళని పట్టుకుని, ఖైదీల జ్యూరీతోనే విచారించి, జూలై 11న ఆరుగురిని ఉరి తీశారు. జైలు అధికారి అనుమతితోనే. ఆ ఆరు సమాధులు స్మశానంలో ఇప్పటికీ మిగతావాటికి ఎడంగా ఉంటాయి.

చీమకుర్తి రాయి | మధ్యాహ్నం 1:10

అన్నా, సమాధి రాళ్ళు ఏ రాయి? నేను గ్రానైట్ లైన్‌లో ఉన్నా, అందుకే అడుగుతున్నా. ఫొటోల్లో చూస్తే రాయికీ రాయికీ మధ్య సందు లేదు. మిగతా సైనిక స్మశానాల్లో ఇంత దగ్గరగా పెట్టరు కదా.

కోవూరు టు అట్లాంటా | మధ్యాహ్నం 1:25

తెల్ల పాలరాయి. దగ్గరగా ఎందుకంటే, శవాల్ని పెట్టె లేకుండా పొడుగు కందకాల్లో భుజానికి భుజం ఆనించి పూడ్చారు. రాయి మనిషి వెడల్పులోనే రావాలి, అందుకే చాలాచోట్ల రాళ్ళు ఆనుకుని ఉంటాయి.

చీమకుర్తి రాయి | మధ్యాహ్నం 1:31

అంతమందికి పేర్లు ఎట్ట తెలిశాయి మరి?

కావలి లెక్చరర్ | మధ్యాహ్నం 2:20

డోరెన్స్ ఆట్‌వాటర్ అని ఒక కుర్రాడు, కనెక్టికట్ వాడు, అక్కడ ఖైదీ. 20 ఏళ్ళు కూడా నిండలేదు. చేతిరాత బాగుందని జైలు ఆసుపత్రిలో చావుల పుస్తకం రాయడానికి కూర్చోబెట్టారు. వీళ్ళు ఈ పుస్తకం ఎప్పటికీ ఉత్తరాదికి ఇవ్వరని అతనికి అనుమానం. రహస్యంగా ఇంకో ప్రతి రాసుకుని, విడుదలైనప్పుడు కోటు లోపల దాచి తెచ్చాడు. పేరు, దళం, చనిపోయిన తేదీ, జబ్బు, సమాధి నెంబరు. 1865 వేసవిలో, యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి సేవ చేసిన క్లారా బార్టన్‌తో కలిసి వెళ్ళి ఆ నెంబర్ల ప్రకారం గుర్తులు పాతించారు. గుర్తుతెలియనివి 460 మాత్రమే మిగిలాయి.

తర్వాత అతనికి దక్కిన సత్కారం వినండి. యుద్ధ శాఖ ఆ జాబితాని నకలు తీసుకుంటామని తీసుకుంది, 300 డాలర్లు ఇచ్చింది. మేం కొన్నాం అని వాళ్ళు, ఇచ్చింది నకలు కోసమే అని ఇతను. ఆండర్సన్‌విల్‌లో పని అయ్యాక ఇతను తన జాబితా తాను తీసుకున్నాడు. దొంగతనం కింద కోర్ట్ మార్షల్, 18 నెలల శిక్ష! కొన్ని వారాలు జైల్లో ఉన్నాక వదిలారు. ఆ జాబితా 1866లో అచ్చయింది, కుటుంబాలకి అప్పుడు తెలిసింది తమవాడు ఏ నెంబరు కింద ఉన్నాడో.

గిద్దలూరు సుబేదార్ | మధ్యాహ్నం 2:45

శత్రువు జైలు, సొంత ప్రభుత్వం జైలు రెండూ చూశాడన్నమాట. బాబులంటే బాబులే, ఏ దేశమైనా.

ఉదయగిరి కోట | మధ్యాహ్నం 3:05

నా సందేహం ఒకటి. దక్షిణాదికి తమ సైనికులకే తిండి లేదు, రైళ్ళు పోయాయి, మందులు ఓడరేవుల దిగ్బంధంలో చిక్కుకున్నాయి. ఖైదీలకి ఎక్కడినుంచి పెడతారు? క్రూరత్వం అనేకంటే చేతకానితనం అనొచ్చా?

కోవూరు టు అట్లాంటా | మధ్యాహ్నం 3:20

తిండి సంగతి సరే, చుట్టూ అడవే కదా. నీడ కోసం కర్రలు కొట్టుకుంటాం అంటే ఎందుకు రానివ్వలేదు? కర్రకి కరువు లేదు అక్కడ.

ఒంగోలు వకీలు | మధ్యాహ్నం 3:45

ఆ లెక్కన ఉత్తరాదిని ఏమనాలి? వాళ్ళకి తిండికి కొదవ లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా జైలు 1864 జూలైలో తెరిచారు. ఏడాదిలో 12,000 మందిని ఉంచితే దాదాపు 3,000 మంది పోయారు. నూటికి 24. ఆండర్సన్‌విల్‌కి పెద్ద తేడా లేదు. మధ్యలో మురికి చెరువు, మశూచి, గుడారాల్లో న్యూయార్క్ చలి. గోడ బయట ప్రైవేటు వాళ్ళు ఎత్తైన చెక్క మంచెలు కట్టి, 15 సెంట్ల టికెట్ పెట్టి ఊరి జనానికి లోపల ఖైదీల్ని చూపించారు. నిమ్మరసం కూడా అమ్మారు.

అసలు విషయం ఇదీ. 1864లో యుద్ధ మంత్రి స్టాంటన్, ఖైదీల శాఖ అధిపతి హాఫ్‌మన్ కలిసి దక్షిణాది ఖైదీల రేషన్ కావాలనే తగ్గించారు, మనవాళ్ళకి వాళ్ళు పెట్టినట్టే పెడదాం అని. యుద్ధం అయ్యాక హాఫ్‌మన్ ఖర్చుపెట్టని సొమ్ము 18 లక్షల డాలర్లు ఖజానాకి తిరిగి జమ చేశాడు. ఆ డబ్బుతో ఎన్ని కూరగాయలు వచ్చేవి?

పెన్నాగట్టు | మధ్యాహ్నం 3:52

ఖైదీల కూడు మిగిల్చి ఖజానాకి కట్టాడా? అబ్బా, ఈయనకి పద్మశ్రీ ఇవ్వాల్సింది.

కావలి లెక్చరర్ | సాయంత్రం 4:30

వకీలు గారు చెప్పినది నేను క్లాసులో తప్పకుండా చెబుతాను. దానితో పాటు ఎల్మైరా వాళ్ళని పూడ్చిన మనిషి గురించి కూడా. జాన్ జోన్స్ అని, 1844లో వర్జీనియా నుంచి పారిపోయి వచ్చిన బానిస. ఎల్మైరా స్మశానంలో కాటికాపరి. తన జాతిని బానిసలుగా ఉంచడానికి పోరాడినవాళ్ళు దాదాపు 3,000 మందిని గుంట తవ్వి పూడ్చాడు, ఒక్కొక్కరికి రెండున్నర డాలర్లు కూలి. పేరు, దళం, తేదీ ఎంత శ్రద్ధగా రాశాడంటే గుర్తుతెలియనివాళ్ళు ఏడుగురే. ఆ కూలి డబ్బుతోనే ఇల్లు కట్టుకున్నాడు. అతన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు, పని బాగా చేశాడు, డబ్బు తీసుకున్నాడు. ఆ పని చేయాల్సిన పెద్దలు ఎవరూ అంత సరిగ్గా చేయలేదు.

గిద్దలూరు సుబేదార్ | సాయంత్రం 5:10

ఇంత జరిగి శిక్ష ఎవరికి పడింది? కెప్టెన్ హెన్రీ వర్జ్‌కి. స్విట్జర్లాండ్‌లో పుట్టినవాడు, ఆండర్సన్‌విల్ లోపలి జైలు అధికారి. 1865 నవంబరు 10న వాషింగ్టన్‌లో ఉరి. అతని పైనున్న జనరల్ విండర్ ఫిబ్రవరిలోనే గుండె ఆగి పోయాడు, లేకపోతే వరసలో ముందు ఆయనే. పై ఆర్డర్లే పాటించానన్నాడు వర్జ్. కెప్టెన్ స్థాయి వాడు రేషన్ ఎక్కడినుంచి తేగలడు, అదీ నిజమే. కానీ డెడ్ లైన్ దగ్గర కాల్చమన్నది, గొలుసులు వేయించినది ఎవరు? ఆ మాత్రం చేతిలో ఉంటుంది కెప్టెన్‌కి. నాకు వర్జ్ మీద జాలి లేదు. అతనొక్కడితో సరిపెట్టినవాళ్ళ మీద మాత్రం కోపం ఉంది.

కోవూరు టు అట్లాంటా | సాయంత్రం 5:25

ఆ ఊళ్ళో వర్జ్‌కి స్తూపం ఉంది సుబేదార్ గారూ. దక్షిణాది మహిళా సంఘం 1909లో కట్టించింది. జైలు చూసి బయటికి రాగానే అది కనిపిస్తుంది.

సింగరాయకొండ మాస్టారు | సాయంత్రం 6:00

ఇవన్నీ మనకెందుకు అని ఎవరో ఒకరు అడుగుతారని ముందే రాస్తున్నా. ఆ యుద్ధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయి మన దేశపు పత్తికి ఇంగ్లండు లాంకషైర్ మిల్లుల్లో గిరాకీ పుట్టింది. అవే సంవత్సరాల్లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడుస్తోంది. క్లౌ దొర 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో దిగాడు. మనకు అంత దూరపు సంగతేం కాదు.

అంతకంటే దగ్గరిది భాగవతంలో ఉంది. దాయాదుల పోరు అయిపోయింది, నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు పశువుని కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. భీముడు చంపేద్దాం అంటాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లే వదిలేయమంటుంది, ఇతని తల్లి కూడా నాలాగా ఏడవకూడదని. చివరికి శిరోమణి కోసి వదిలారు. చంపినట్టూ అయింది, చంపనట్టూ అయింది. రాజీ అంటే అదే మరి.

ఉదయగిరి కోట | సాయంత్రం 6:20

బాగుంది మాస్టారూ. కానీ చట్టం సంగతి ఇంకా తేలలేదు. ఈ రోజు అంతర్యుద్ధంలో పట్టుబడితే యుద్ధఖైదీ అవుతాడా, అవడా?

ఒంగోలు వకీలు | రాత్రి 7:15

అవడు. వివరంగా చెబుతాను.

1863 ఏప్రిల్ 24న లింకన్ ప్రభుత్వం జనరల్ ఆర్డర్స్ 100 ఇచ్చింది. రాసినది ఫ్రాన్సిస్ లీబర్, ప్రొఫెసర్. ఆయన కొడుకులే రెండు పక్షాల్లో పోరాడారు, ఒకడు దక్షిణాది తరఫున చనిపోయాడు, ఇంకొకడికి ఉత్తరాది తరఫున చెయ్యి పోయింది. 157 నిబంధనలు. శత్రువుగా పోరాడాడన్న కారణంతో ఖైదీని శిక్షించకూడదు, రంగు బట్టి తేడా చూపకూడదు అని అందులో ఉంది. తిరుగుబాటుదారులకి ఈ మర్యాదలు ఇచ్చినంత మాత్రాన వాళ్ళ ప్రభుత్వాన్ని గుర్తించినట్టు కాదని కూడా రాశాడు.

తర్వాత హేగ్, 1929 జెనీవా, 1949 జెనీవా ఒప్పందాలన్నీ ప్రధానంగా దేశాల మధ్య యుద్ధాలకి. దేశం లోపలి యుద్ధానికి 1949 ఒప్పందాలు నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఒక్క ఆర్టికల్ 3 ఉంది. ఆయుధం వదిలినవాణ్ణి, గాయపడ్డవాణ్ణి, పట్టుబడ్డవాణ్ణి మనిషిగా చూడాలి. చంపడం, హింసించడం, బందీలుగా వాడుకోవడం, సరైన కోర్టు లేకుండా శిక్ష వేయడం నిషిద్ధం. ఇది పాటించినంత మాత్రాన పక్షాల చట్టపరమైన హోదా మారదని చివర్లో వాక్యం. లింకన్ భయపడిన విషయం సరిగ్గా అదే. కానీ పట్టుబడ్డవాడి మీద ప్రభుత్వం తిరుగుబాటు కేసు పెట్టడానికి అడ్డు లేదు. యుద్ధఖైదీకి ఉండే రక్షణ అక్కడ లేదు. మన దేశంలో 1960 జెనీవా కన్వెన్షన్స్ చట్టం ఉంది. అంతర్యుద్ధాల కోసం 1977లో వచ్చిన రెండో అదనపు ప్రోటోకాల్‌లో మనం చేరలేదు.

మనకి సముద్రం అవతలి ఉదాహరణ శ్రీలంక. 2009 మేలో యుద్ధం ముగిశాక దాదాపు 12,000 మంది మాజీ ఎల్‌టీటీఈ వాళ్ళని పునరావాస కేంద్రాల పేరుతో ఉంచారు. యుద్ధఖైదీలు అన్న మాటే లేదు. లొంగిపోయాక చంపారన్న ఆరోపణలు నమ్మదగినవని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది.

పెన్నాగట్టు | రాత్రి 7:30

అట్టాంటప్పుడు ఎల్‌టీటీఈ వాళ్ళు పట్టుకున్న సైనికుల్ని ఏం చేశారో కూడా చెప్పండి. ఒకవైపే రాస్తే ఎట్టా.

మోడరేటర్ | రాత్రి 7:41

శ్రీలంకకి, మన దగ్గరి నక్సలైట్ల విషయానికి వేరే చర్చలు ఉన్నాయి. రెండూ ఇక్కడికి తేవద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

గిద్దలూరు సుబేదార్ | రాత్రి 8:00

1971 గురించి చెప్పొచ్చా మోడరేటర్ గారూ? అది కూడా పాకిస్తాన్ లోపలి యుద్ధంగానే మొదలైంది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు పత్రంలోనే జెనీవా ఒప్పందం ప్రకారం చూస్తాం అని రాశారు. పౌరులతో కలిపి 93,000 మంది. బంగ్లాదేశ్ కోసం పోరాడిన ముక్తిబాహిని చేతికి చిక్కితే ఏమయ్యేవాళ్ళో వాళ్ళకి తెలుసు, అందుకే మన సైన్యం దగ్గరికి వచ్చారు. 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందం తర్వాత పంపడం మొదలై, 1974 ఏప్రిల్‌కి పూర్తయింది. ఆలస్యం అయిందన్న విమర్శ ఉంది, కాదనను. బంగ్లాదేశ్‌ని పాకిస్తాన్ గుర్తించకపోవడం దానికి పెద్ద కారణం.

చీమకుర్తి రాయి | రాత్రి 8:20

యుద్ధం అయ్యాక ఆండర్సన్‌విల్‌లో బతికినవాళ్ళు సుఖంగా ఇళ్ళకి చేరారా?

గిద్దలూరు సుబేదార్ | రాత్రి 8:35

చాలామంది చేరారు. కొందరు సుల్తానా ఎక్కారు. 376 మంది పట్టే ఆవిరి పడవ, మిసిసిపీ నది మీద. ఆండర్సన్‌విల్, కహాబా జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళతో సహా 2,000 మందికి పైగా ఎక్కించారు. తలకి ఇంత అని ప్రభుత్వం పడవ కంపెనీలకి కట్టేది, అధికారులకి లంచాలు ముట్టాయన్న ఆరోపణలు వచ్చాయి. బాయిలర్ అప్పటికే అతుకులు వేసింది. 1865 ఏప్రిల్ 27 తెల్లవారుజామున మెంఫిస్ దాటాక పేలింది. వెయ్యి మందికి పైగా పోయారు. లింకన్ హత్య వార్తల మధ్య పత్రికల్లో అది లోపలి పేజీల్లోకి పోయింది.

ఉదయగిరి కోట | రాత్రి 8:50

లెక్చరర్ గారూ, చివరిగా ఒకటి. మార్పిడి మళ్ళీ ఎప్పుడు మొదలైంది? దక్షిణాది ఒప్పుకుందా?

కావలి లెక్చరర్ | రాత్రి 9:25

1865 జనవరిలో ఒప్పుకుంది, నల్ల సైనికులతో సహా అందరినీ ఇస్తామని. ఫిబ్రవరి నుంచి వేలల్లో మార్పిడి జరిగింది. అందులో ఎంతమంది నల్ల ఖైదీలు నిజంగా బయటపడ్డారన్నది వేరే కథ. అప్పటికే చాలామందిని పాత యజమానులకి అప్పగించేశారు.

మార్చి 13న కాన్ఫెడరేట్ కాంగ్రెస్ ఇంకో చట్టం చేసింది. సైన్యంలో మనుషులు చాలడం లేదు కాబట్టి బానిసల్ని సైనికులుగా చేర్చుకోవచ్చని.

పెన్నాగట్టు | రాత్రి 9:31

ఆగన్నా. నల్లవాడు సైనికుడే కాదు, మార్పిడికి పనికిరాడు అని 1863లో తీర్మానం చేసింది కూడా వీళ్ళేనా?

కావలి లెక్చరర్ | రాత్రి 9:34

వీళ్ళే. బానిసల్ని చేర్చుకునే ఈ చట్టం మాత్రం రిచ్‌మండ్ పడిపోవడానికి మూడు వారాల ముందు.

ఒంగోలు వకీలు | రాత్రి 9:50

సరే సార్, ఈ పాయింటు మీకు వదిలేస్తున్నా. బట్లర్ విషయంలో మాత్రం వదలను, రేపు సాయంత్రం కోర్టు అయ్యాక రాస్తాను.